కొయ్యూరు దారిలో పాటల వేట

అల్లూరి సీతారామరాజు గొంతు ఏ రికార్డులోనూ లేదు. ఆయన కథ మాత్రం వందేళ్లుగా జనం గొంతుల్లోనే బతుకుతోంది. బుర్రకథల్లో, గ్రామఫోన్ ప్లేట్లలో, సినిమా రీళ్లలో, అరిగిపోయిన క్యాసెట్లలో దాగిన ఆ పాటల్ని అభిమానులే ఏరి, ఒక్క ఆల్బమ్‌గా కూరిస్తే ఎలా ఉంటుంది? అందులో ఏవి ఉండాలి? కొయ్యూరు దారి పట్టి వెళ్తే ఆ జాబితా దానంతటదే తయారవుతుంది.

నర్సీపట్నంలో బస్సెక్కి పడమటికి పోతుంటే గొలుగొండ దాకా ఎక్కువగా పొలాలే. ఆ తర్వాత కొండలు దగ్గరకు జరుగుతాయి. రోడ్డు పక్కన జీడిమామిడి తోటలు పలకరిస్తాయి. కృష్ణదేవిపేట దాటితే ఏజెన్సీ. ఇంకాస్త ముందుకెళ్తే కొయ్యూరు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో చేరింది. కొయ్యూరు మాత్రం పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఆ పేరు ఈ జిల్లాకు ఎందుకొచ్చిందో కొయ్యూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1924 మే 7న, మంప దగ్గర పట్టుబడ్డ రాజును తెల్లదొరల సైన్యం తీసుకొచ్చింది ఇక్కడికే. మేజర్ గుడాల్ ఆధ్వర్యంలో కాల్చి చంపింది ఇక్కడే. కోర్టు లేదు, విచారణ లేదు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు కూడా నిండలేదు.

సమాధి ఉన్నది కృష్ణదేవిపేటలో. అందుకే కొయ్యూరు వెళ్లే వాళ్లలో చాలామంది ముందు అక్కడ బస్సు దిగి, నమస్కారం పెట్టుకుని, తర్వాత ముందుకు సాగుతారు. వెళ్లేవాళ్ల వెంట ఎప్పుడూ ఒక పాట ఉంటుంది. పెద్దవాళ్లయితే కృష్ణ సినిమాలోది. ఇంకా పెద్దవాళ్లయితే చిన్నప్పుడు విన్న బుర్రకథ. కుర్రాళ్లయితే సెల్‌ఫోన్లో 'ఆర్ఆర్ఆర్' పాట. ఒక్క మనిషి గురించి ఇన్ని తరాల పాటలు!

బాకా ముందు అరిచిన రోజులు

ఇంతకీ రాజు గొంతు ఎందుకు లేదు? ఆయన బతికున్న రోజుల్లో గ్రామఫోన్ రాలేదా? వచ్చింది. కలకత్తాలో ప్లేట్లు తయారుచేసే ఫ్యాక్టరీ 1908లోనే మొదలైంది. కాకపోతే అప్పటికి మైకు లేదు. పాడేవాళ్లు పెద్ద ఇత్తడి బాకాలాంటి దాని ముందు నిలబడి గొంతు చించుకుని పాడాలి. ఆ ధ్వనికి సూది కదిలి మైనం మీద గీతలు గీస్తుంది. మైకు పెట్టి కరెంటుతో రికార్డు చేసే పద్ధతి 1925లో మొదలైంది. అంటే కొయ్యూరులో తుపాకులు పేలిన మరుసటి ఏడాది.

ఆ బాకా ఎలాగూ కొండలెక్కి రాదు. పట్నాల్లో పేరున్న గాయకులు, నాటకాల్లో పద్యాలు పాడే నటులు మాత్రమే దాని ముందు నిలబడ్డారు. మన్యంలో పోడు వ్యవసాయం మీద ఆంక్షలు, సరైన కూలి ఇవ్వకుండా చేయించుకున్న రోడ్డు పనులు, 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు... ఇవన్నీ కాగితాల మీద తెల్లదొరల భాషలో నమోదయ్యాయి. ఇటువైపు మాట మాత్రం నోటి నుంచి నోటికి, పాట నుంచి పాటకు నడిచింది.

అయితే అవకాశం పూర్తిగా చేజారిపోలేదు. రాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ జైలు శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అంటే రేడియోలు, మైకులు, టేపురికార్డర్లు వచ్చిన కాలానికి కూడా ఆ పోరాటం చూసిన కళ్లు, ఆ రోజుల పాటలు తెలిసిన గొంతులు ఇంకా ఉన్నాయన్నమాట. కాబట్టి కొయ్యూరు పాటల వేటకు అర్థముంది.

ఒక్క రోజు తేడాతో ఇంకో తేదీ

అరుదైన రికార్డింగులను కంపెనీలు కాకుండా అభిమానులే ఏరి ఆల్బమ్‌గా తేవడం కుదిరే పనేనా? కుదురుతుందని చూపించిన వాళ్లున్నారు. దానికోసం కాసేపు అమెరికా వెళ్లి రావాలి.

కొయ్యూరు జ్ఞాపకం పెట్టుకునే తేదీ మే 7. అమెరికాలో ఒక రాక్ బృందం అభిమానులు జ్ఞాపకం పెట్టుకునే తేదీ మే 8. సంవత్సరం 1977. ఆ రోజు న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 'గ్రేట్‌ఫుల్ డెడ్' అనే బృందం కచేరీ చేసింది. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ బృందం 30 ఏళ్లలో దాదాపు 2,300 కచేరీలు చేసింది. ఏ రెండు కచేరీలూ ఒకేలా ఉండేవి కావు. మన హరికథలో, కచేరీలో ఆ రోజు ఊపును బట్టి దాసుగారో విద్వాంసుడో కొత్త దారి తొక్కినట్టు, వీళ్లూ స్టేజీ మీద అప్పటికప్పుడు పాటను పెంచేవాళ్లు, మలుపు తిప్పేవాళ్లు. అందుకే అభిమానులు టేపురికార్డర్లు పట్టుకుని కచేరీలకు వచ్చేవాళ్లు. బృందం కాదనలేదు. 1984 నుంచి రికార్డు చేసుకునే వాళ్లకు ప్రత్యేకంగా చోటు కూడా కేటాయించింది. షరతు ఒక్కటే. టేపులు పంచుకోవచ్చు, అమ్ముకోకూడదు.

అలా వేల టేపులు పోస్టులో ఊరూరూ తిరిగాయి. ఏ కచేరీ బాగుందో, ఏది మామూలుగా ఉందో అభిమానులే తేల్చేశారు. ఆ టేపుల పిచ్చిలో మునిగిన డిక్ లాట్‌వాలా అనే అభిమానికి బృందం చివరికి తమ టేపుల గది తాళమే ఇచ్చింది. ఆయన ఏరిన కచేరీలతో 1993లో 'డిక్స్ పిక్స్' పేరిట తొలి ఆల్బమ్ వచ్చింది. 'డిక్ ఏరినవి' అని దానర్థం. 1999లో ఆయన చనిపోయాక కూడా ఆ వరస ఆగలేదు. 2005 దాకా మొత్తం 36 ఆల్బమ్‌లు వచ్చాయి.

వాటి అట్టల మీద కొనేవాళ్లకో హెచ్చరిక ఉండేది. ఇది పాత టేపు, ధ్వనిలో లోపాలుంటాయి, తెలుసుకుని కొనండి అన్నది దాని సారాంశం. సరుకులో లోపం ఫలానా అని చెప్పి అమ్మే వ్యాపారి ఎక్కడుంటాడు చెప్పండి! అభిమాని ఏరాడు కాబట్టే ఆ నిజాయతీ. కార్నెల్ కచేరీ సంగతీ అంతే. దాన్ని రికార్డు చేసింది బృందం సౌండ్ ఇంజనీరు బెటీ కాంటర్. ఆమె టేపులు ఒక గోడౌన్లో ఉండిపోయి, అద్దె కట్టక 1986లో వేలానికి వెళ్లాయి. కొన్నవాళ్లు, కాపీలు తీసుకున్నవాళ్లు వాటిని కాపాడారు. అమెరికా ప్రభుత్వ లైబ్రరీ 2011 జాబితాలో ఆ కచేరీని జాతి సంపదగా భద్రపరచాల్సిన రికార్డింగుల్లో చేర్చింది. అధికారికంగా ఆల్బమ్‌గా విడుదలైంది మాత్రం 2017లోనే. అంటే 40 ఏళ్ల పాటు దాన్ని బతికించింది అభిమానులే.

మైకుసెట్టు పెట్టెలో మన నిధి

మనవాళ్లేం తక్కువ తిన్లేదు. రేడియోకు ఉత్తరం రాసి, కోరిన పాట వచ్చేదాకా సెట్టు దగ్గర కూర్చున్న తరం మనది. ఇంటిల్లిపాది పేర్లూ చదివి అప్పుడు పాట వేస్తే ఆ వారమంతా వీధిలో అదే కబురు. ఆ తర్వాత క్యాసెట్లు వచ్చాయి. ఊళ్లో రికార్డింగ్ షాపుకెళ్లి నోటుబుక్కు కాగితం మీద పాటల జాబితా రాసిచ్చేవాళ్లం గుర్తుందా? 60 నిమిషాల క్యాసెట్టులో సైడుకు ఆరేడు పాటలు. ఇంకో పాట పడుతుందా పడదా అని షాపువాడితో బేరం. ఒక పాట చేర్చాలంటే ఇంకో పాట తీసెయ్యాలి. ఆ కాగితం ముక్కే మన ఇళ్లలో తయారైన తొలి ఆల్బమ్!

వీళ్లకంటే ముందు మైకుసెట్టు వాళ్లున్నారు. పెళ్లికీ, తీర్థానికీ, శ్రీరామనవమి పందిరికీ ప్లేట్ల పెట్టె మోసుకొచ్చిన వాళ్లు. ఏ ఊళ్లో ఏ పాట వేస్తే జనం ఆగి వింటారో వాళ్లకు కొట్టిన పిండి. ఊరూరా బుర్రకథలు వినిపించిందీ చాలావరకు ఆ బాకాలే. కంపెనీ క్యాటలాగు నుంచి ఎప్పుడో మాయమైన ప్లేట్లు ఇప్పటికీ ఎక్కడైనా దొరికితే అవి దొరికేది అటకల మీదున్న అలాంటి పెట్టెల్లోనే.

ఇక అభిమానం ముదిరితే ఎంత దూరం వెళ్తుందో చూపించిన మనిషి వి.ఎ.కె.రంగారావు. మద్రాసులో ఆయన సేకరించిన గ్రామఫోన్ రికార్డులు 42 వేలకు పైమాటే. 40కి పైగా భాషల్లో. లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్‌లో చోటు దక్కింది. పాట ఎవరు పాడారో, ఎవరు కట్టారో, రికార్డుకూ సినిమాకూ తేడా ఏమిటో వెతికి పట్టుకుని పత్రికల్లో రాస్తూ, పాత పాట అంటే కాలక్షేపం మాత్రమే కాదు, చరిత్ర కూడా అని తెలుగువాళ్లకు అలవాటు చేశారు.

కొయ్యూరు ఆల్బమ్‌లో ఏముండాలి?

సరే, నర్సీపట్నం నుంచి కొయ్యూరు వెళ్లేలోగా వినడానికి సరిపోయే ఆల్బమ్ ఒకటి కూర్చాలనుకుందాం. మొదట ఏది?

బుర్రకథే. నడుమ తంబురా పట్టిన కథకుడు, ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. మన్యం కథకు ఇంతకంటే సరిపోయే వాద్యగోష్ఠి ఇంకోటి లేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ కళకు పెద్ద దిక్కు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధంతో పాటు అల్లూరి కథ కూడా ఆయన చెప్పిన ప్రసిద్ధ కథల్లో ఒకటి. 1954లో వచ్చిన ఎన్టీఆర్, భానుమతిల 'అగ్గిరాముడు' సినిమాలో నాజర్ దళం అల్లూరి బుర్రకథ కనిపిస్తుంది, వినిపిస్తుంది. కృష్ణ సినిమాకు 20 ఏళ్ల ముందే తెర మీద రాజు కథ మోగిందన్నమాట. ఆల్బమ్‌లో మొదటి స్థానం దీనిదే కావాలి.

ఇక్కడే ఒక చిక్కు. బుర్రకథ అంటే రాత్రి మొదలైతే తెల్లారేదాకా సాగేది. పాతకాలపు 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. సినిమాలోనైతే ఇంకో రెండు మూడు నిమిషాలు. సముద్రాన్ని చెంబులో ముంచి తెచ్చినట్టే. అందుకే ఏ తిరునాళ్లలోనో, రేడియో ప్రసారంలోనో ఎవరైనా పూర్తి కథను టేపు చేసి ఉంటే, అది గరగరమన్నా సరే, మెరుగైన ధ్వని ఉన్న ముక్క కంటే విలువైనది. టేపు ఖరీదైన రోజుల్లో పాత రికార్డింగు చెరిపి దానిమీదే కొత్తది ఎక్కించడం రేడియో స్టేషన్లలో ఎక్కడైనా మామూలే. ప్రసారమైనప్పుడు ఇంట్లో టేపు చేసుకున్న శ్రోత దగ్గర మిగిలిందే ఒక్కోసారి చివరి కాపీ అవుతుంది.

రెండోది ఏదో పిల్లలైనా చెప్పేస్తారు. 1974 మే 1న విడుదలైన కృష్ణ వందో సినిమా 'అల్లూరి సీతారామరాజు'. తొలి తెలుగు సినిమాస్కోప్. చింతపల్లి ప్రాంతంలో మన్యం కొండల మధ్యే చాలా భాగం తీశారు. దర్శకుడు వి.రామచంద్రరావు సినిమా పూర్తికాకుండానే కన్నుమూస్తే మిగతాది కె.ఎస్.ఆర్.దాస్ సాయంతో కృష్ణే పూర్తిచేశారు. త్రిపురనేని మహారథి మాటలు, పి.ఆదినారాయణరావు సంగీతం. శ్రీశ్రీ రాసిన ఉద్బోధ గీతానికి ఉత్తమ గీత రచయితగా జాతీయ అవార్డు వచ్చింది. పాడింది ఘంటసాల, వి.రామకృష్ణ బృందం.

ఈ పాటను రేడియోలో వెయ్యిసార్లు విన్నవాళ్లు కూడా ఒక్క తేదీని పక్కన పెట్టుకుని మళ్లీ వినాలి. ఘంటసాల చనిపోయింది 1974 ఫిబ్రవరి 11న. సినిమా విడుదలకు రెండున్నర నెలల ముందు. థియేటర్లో జనం ఈలలు వేస్తూ విన్న ఆ గొంతు అప్పటికే లేదు. జాతిని లేపమని రాజు తరఫున పిలిచిన గొంతు, రాజులాగే పోయాక మోగింది. ఇది తెలిసి వింటే పాట బరువు మారుతుంది. ఆల్బమ్ అట్ట మీద తేదీలు వెయ్యాలని సేకర్తలు అంతగా పట్టుబట్టేది ఇందుకే.

మూడోది, నాలుగోది? 1993లో వచ్చిన 'మేజర్ చంద్రకాంత్'లో ఎన్టీఆర్ అల్లూరి వేషంలో కాసేపు కనిపించే దేశభక్తి గీతం ఉంది. జాలాది రాస్తే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడారు. సంగీతం కీరవాణి. అదే కీరవాణి 2022లో అల్లూరి, కొమురం భీం పాత్రల స్ఫూర్తితో అల్లిన కల్పిత కథ 'ఆర్ఆర్ఆర్'కు సంగీతం చేశారు. 2023లో చంద్రబోస్‌తో కలిసి ఆస్కార్ అందుకున్నారు. ఈ పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. అరుదైనవి కావు. అందుకే ఆల్బమ్‌లో వీటికి చోటివ్వాలా వద్దా అన్న దగ్గర అభిమానులు రెండు జట్లవుతారు. పిల్లలు వినాలంటే తెలిసిన పాట ఒకటుండాలంటారు ఒకరు. దొరికేదాన్ని మళ్లీ అచ్చేయడం దండగంటారు ఇంకొకరు. ఇద్దరి మాటా సబబే. అయితే చోటు తక్కువ. చేటలో పోసి చెరగక తప్పదు.

చెరిగే లెక్క

పాటలు ఏరేవాళ్లు ఎక్కడైనా నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. మొదటిది, ఇది ఏ రూపం? పాత సినిమా పాటకు తెర మీద ఒక నిడివి, ప్లేటు మీద ఒక నిడివి ఉండేవి. మూడు నిమిషాల్లో పట్టకపోతే చరణం ఎగిరిపోయేది, లేదంటే పాట రెండో వైపుకు వెళ్లేది. రెండోది, గొంతు ఎవరిది? లేబులు మీద పేరు లేని వంతలూ, కోరసూ ఎందరో. మూడోది, వేగం సరిగ్గా ఉందా? ప్లేటు తిరిగే వేగంలో తేడా వస్తే మగ గొంతు కూడా సన్నబడిపోతుంది. నాలుగోది, శుభ్రం ఎంతవరకు? కంప్యూటర్లో గరగరలన్నీ తుడిచేస్తే కొన్నిసార్లు గుమ్మెట దెబ్బలోని పదును కూడా దాంతోనే పోతుంది. కాస్త గరగర ఉంచి, అట్ట మీద ఆ సంగతి చెప్పడమే మేలు. అమెరికా అభిమానులు నేర్పిన పాఠం అదేగా.

ఇంకో సంగతీ చూసుకోవాలి. హక్కులు. మన దేశ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1974 నాటి రికార్డుకైతే 2034 చివరిదాకా. రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు వేరే లెక్క. వాళ్లు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు కాబట్టి ఆయన మాట మీద హక్కు 2043 దాకా ఉంటుంది. కాబట్టి ఇంట్లో దాచుకోవడం వేరు, ఆల్బమ్ వేసి అమ్మడం వేరు. అమ్మాలంటే హక్కుదారుల్ని అడగాల్సిందే. సేకర్తలకూ కంపెనీకీ చెయ్యి కలిస్తేనే మంచి సంకలనం వస్తుంది. ఒకరి దగ్గర హక్కు, ఇంకొకరి దగ్గర ప్లేటు!

ఖాళీగా ఉంచాల్సిన చోటు

ఇంతవరకూ జాబితాలో ఉన్నవన్నీ మైదానంలో తయారైన పాటలే. రాసినవాళ్లు, పాడినవాళ్లు, రికార్డు చేసిన స్టూడియోలు అన్నీ కొండ దిగువవే. రాజు వెంట విల్లు పట్టుకుని నడిచింది మాత్రం మన్యం జనం. మరి వాళ్ల పాట ఏది?

కొయ్యూరు దాకా వెళ్తే ఈ ప్రశ్న తప్పించుకోలేం. భగత, కొండదొర, కోయ, వాల్మీకి, కొండ కమ్మర ఇలా ఎన్నో తెగల వాళ్లున్న ప్రాంతమిది. వారపు సంత రోజున చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు, తేనె తలకెత్తుకుని నడిచి వచ్చేవాళ్లు దారి పొడవునా మాటతో పాటు పాటనూ మోసుకొస్తారు. విశాఖ మన్యంలో ఏప్రిల్ నెలలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లు అడవికి వేటకు వెళ్తే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా నిలబడి, వచ్చేపోయే వాళ్లను ఆపి, పాటలు పాడి, ఆడి, డబ్బులు వసూలు చేస్తారు. బండి ఆపినవాళ్లు చిల్లర ఇచ్చి నవ్వుకుంటూ వెళ్లిపోతారు. పాట అక్కడే రోడ్డు మీద మిగిలిపోతుంది.

ఆ పాటలు ప్లేటు కంపెనీ క్యాటలాగులోకి ఎక్కేవి కావు. కొనేవాళ్లు ఉండాలి కదా! కంపెనీ దాచేది అమ్ముడుపోయే పాటను. అభిమాని దాచేది తనకు దక్కిన పాటను. ఎవరికీ దక్కని పాట మాత్రం పాడే మనిషితో పాటే వెళ్లిపోతుంది. కొయ్యూరు ఆల్బమ్ నిజంగా ఎవరైనా కూర్చితే అందులో చివరి పావుగంట ఖాళీగా ఉంచి, ఈ ఊళ్లలోని పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు ఒప్పుకుంటే రికార్డు చేసి, పాడినవాళ్ల పేరు, ఊరు పేరు పెద్దక్షరాలతో వేస్తేనే అది పూర్తవుతుంది. ఇవాళ దానికి స్టూడియో అక్కర్లేదు. జేబులో ఉన్న ఫోను చాలు. అయితే పాట అయిపోగానే ఎవరు పాడారు, ఏ సందర్భంలో పాడతారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న మూడు ముక్కలూ అందులోనే చెప్పించాలి. పేరు లేని రికార్డింగు నాలుగేళ్లు తిరిగేసరికి అనాథ అవుతుంది.

మీ ఇంటి అటక మీద

ఇదంతా సేకర్తల గొడవ, మనకెందుకు అనుకోకండి. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు తాతగారి ట్రంకుపెట్టెలో నల్లటి ప్లేట్లు కనబడితే పాత సామాన్ల వాడికి వేసెయ్యొద్దు. 78 ఆర్‌పీఎం ప్లేట్లలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. చెయ్యి జారితే పెంకులవుతాయి. అంచులు పట్టుకుని తీయాలి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. స్పిరిట్ పెట్టి అస్సలు తుడవొద్దు. స్పిరిట్‌కు లక్క కరిగిపోతుంది. పాట ఉన్న గాడీలే పోతాయి. ఎండ తగిలినా వంగిపోతాయి. క్యాసెట్లయితే బూజు పట్టి ఉండొచ్చు. ఆత్రంగా టేపురికార్డర్లో పెట్టి తెంపుకోకుండా, ఒకసారి తెలిసినవాళ్లకు చూపించి కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం మంచిది.

అన్నిటికంటే ముఖ్యం, రాసిపెట్టుకోవడం. క్యాసెట్టు అట్ట మీద 'బుర్రకథ' అని ఒక్క మాటే ఉంటే ఎవరికి ఉపయోగం? ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎవరి దళం, ఎవరు టేపు చేశారు అన్నది ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే అడిగి రాయాలి. ఆ నాలుగు గీతలే రేపు ఎవరో సంకలనం కూర్చేటప్పుడు మీ ఇంటి క్యాసెట్టును చెత్త నుంచి నిధిగా మారుస్తాయి.

కొయ్యూరు వెళ్లాలనుకునే వాళ్లకు దారి తేలికే. రైల్లో వచ్చేవాళ్లు తునిలోనో అనకాపల్లిలోనో దిగి నర్సీపట్నం చేరుకోవచ్చు. నర్సీపట్నం రోడ్ అనే స్టేషన్ ఉంది కానీ అది ఊరికి దూరం. అక్కణ్నుంచి గొలుగొండ, కృష్ణదేవిపేట మీదుగా కొయ్యూరు. ఇంకో రోజు చేతిలో ఉంటే నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లి కూడా చూసి రావచ్చు. రాజు తొలి దెబ్బ కొట్టిన స్టేషన్ ఉన్న ఊరది. పిల్లల్ని వెంటబెట్టుకెళ్తే మంచిది. వెళ్లేటప్పుడు ఆ సినిమా పాట వినిపించి, పాడిన మనిషి ఏ తేదీన పోయాడో చెప్పండి. వచ్చేటప్పుడు సంతలో ఎవరైనా పెద్దావిడ పాడుతుంటే ఒక్క నిమిషం ఆగి, ముందు పాట విని, తర్వాత పేరు అడగండి.